పళ్ళతో పట్టిన వల

వల ఒంటికి ఎక్కడెక్కడ తగులుతుందో ఆ ఫారం అడిగింది. చేతులు, పాదాలు, భుజాలు, కళ్ళు, నోరు అంటూ వరసగా గళ్ళు. రత్నాలు చేతుల దగ్గర అవునని టిక్కు పెట్టింది. పాదాల దగ్గరా పెట్టింది. భుజాల దగ్గర కాసేపు ఆగి, అక్కడా పెట్టింది. నోటి దగ్గర లేదని రాసి సంతకం చేసింది. పట్టుమని పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు తన మెడకు చుట్టుకుంటాయని ముందే తెలిస్తే ఆమే కాదు, లోకంలో ఎవరూ ఫారమనేది నింపరు.

ఆ కాగితం ఆమె చేతికే ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. పరిశోధన కేంద్రానికి పెద్ద గోవర్ధన్ గారు కర్నూలు వైపు మనిషి. సముద్రాన్ని తొలిసారి చూసింది ఉద్యోగంలో చేరిన రోజునే. "వలల సంగతి నాకేం తెలుసమ్మా. నువ్వు ఆ ఊరి పిల్లవి, నువ్వే రాయి" అని ఫారాన్ని ఆమె ముందుకు జరిపాడు. ఆ మాటకి రత్నాలు లోలోపల పొంగిపోయింది. పరిశోధన కేంద్రం రికార్డుల్లో ఆమె డాక్టర్ ఎరిపల్లి రత్నకుమారి. విశాఖకి ఉత్తరాన ఉన్న గవ్వలపేటలో మాత్రం ఎప్పటికీ రత్నాలే. వలేసుకు బతికే ఇంట్లో పుట్టి సూక్ష్మజీవుల మీద డాక్టరేటు తెచ్చుకున్న మనిషి ఆ కొండ మీది ల్యాబులో ఆమె ఒక్కతే.

అసలు ఆ వల ఆలోచన ఆమెది కూడా కాదు, ఆమె అన్న దానయ్యది.

ఫారానికి రెండేళ్ళ ముందు సంగతి. అప్పటికి నాలుగు వానాకాలాలుగా తీరమంతా ఉప్పు జ్వరం తిరుగుతోంది. పెద్దవాళ్ళు తట్టుకునేవారు. అలల నురగలోనూ ఊరి పక్క వాగు, గెడ్డ నీళ్ళలోనూ ఆడుకునే పిల్లలే రాలిపోయేవారు. దానయ్య కూతురు మంగ ఇరవై రోజులు మంచం మీద ఉండి ఎలాగో లేచింది. పిల్ల లేచిన మర్నాడే దానయ్య చేపల వాసనతో, చిరిగిన బనీనుతో ల్యాబుకి వచ్చి, "మా మంగకి ఆ జొరం ఎక్కణ్ణించొచ్చిందో నాకోపాలి సూపించు" అన్నాడు.

రత్నాలు ఒక్క చుక్క సముద్రపు నీళ్ళు గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. దానయ్య ఒక కన్ను మూసి, రెండోది మూసి, చివరికి రెండూ తెరిచి చూశాడు.

"ఇదేటే? ఇంత సిన్న ముక్క మీద ఇంత జనం?"

"ప్లాస్టిక్ నలుసన్నా అది. సంచులు, సీసాలు, తెగిన వలలు, అన్నీ ఎండకి పొడైపోయి నీళ్ళలో తిరుగుతుంటాయి. మురుగులోంచి వచ్చిన పురుగు ఉత్తినే అయితే సముద్రంలో ఎన్నాళ్ళో బతకదు. తిండుండదు, ఎండ చంపేస్తుంది. నలుసు దొరికిందంటే దాని మీద జిగురు కట్టుకుని కూచుంటుంది. ఎక్కడికి కొట్టుకుపోతే అక్కడికి వస్తుంది."

"పడవెక్కి వస్తన్నాయన్నమాట. టిక్కట్లేని పాసింజర్లు." దానయ్య మళ్ళీ లోపలికి చూశాడు. "పడవల్ని పట్టీడానికి మనకాడ వలుంది గదేటి."

రత్నాలు నవ్వింది. ఎంత సన్నని కన్నుల వలైనా నలుసుని పట్టదని చెప్పబోయింది.

"కన్ను కాదెహె, తాడు" అన్నాడు దానయ్య. "నాచు రాయికి అంటుకోదా? అలాగ తాడుకి అంటుకోవాల. మేం ఎలాగూ రోజూ ముంచుతాం, రోజూ తీస్తాం. మాతో పాటు అదీ పనిసేస్తాది."

చదువుకున్న వాళ్ళు పదిమంది ఒక గదిలో కూర్చుని పట్టుకోలేని మాట అది. రత్నాలు ఏడాది పాటు దాని వెంటే పడింది. రాళ్ళ మీది నాచు నుంచి ఒక జిగురు తీసింది. నలుసుల మీద పురుగులు కట్టుకునే జిగురుకి ఈ జిగురంటే మహా ఇష్టం. ఈ జిగురు పూసిన తాడు నీళ్ళలో గంటసేపు ఉంటే చాలు, బూడిద రాసినట్టు నలుసులు పట్టేసేవి. పైకి తీసి గంటసేపు ఎండలో ఆరేస్తే వాటి మీది పురుగు ఒక్కటి కూడా బతికేది కాదు. యాభై సార్లు చూసింది. యాభై సార్లూ గాజు పళ్ళేలు ఖాళీగానే ఉన్నాయి. వారానికోసారి వలను వేడినీళ్ళలో జాడిస్తే నలుసులు ఊడొచ్చేవి. వాటిని సంచుల్లో కట్టి కేంద్రానికి పంపితే చాలు.

వేట నిషేధం ముగిసిన జూన్ నెలలో గవ్వలపేట పడవలన్నిటికీ కొత్త వలలు ఇచ్చారు, చేతులకు రబ్బరు తొడుగులతో సహా. ఊళ్ళో వాళ్ళు వాటికి 'రత్నాలు వలలు' అని పేరు పెట్టుకున్నారు. పైన ఇంకో మూడు ఊళ్ళకి కూడా ఇచ్చారు. వానలొచ్చాయి, వెళ్ళాయి. ఆ నాలుగు ఊళ్ళలో ఆ ఏడు ఒక్క పిల్ల పోలేదు. పక్కనే, వల అందని ఊళ్ళో ఆరుగురు పోయారు. గంగమ్మ పండగనాడు ముసలమ్మలు రత్నాలుని పట్టుకుని మెటికలు విరిచారు. దానయ్య అయితే ఎవరు కనబడితే వాళ్ళకి, "ఐడియా నాది, సదువు దానిది" అని చెప్పుకు తిరిగాడు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు ఇంజను పడవలు ఒడ్డెక్కుతాయి. అలాగని కడుపులు ఊరుకోవు కాబట్టి మగాళ్ళంతా విసురు వలలు భుజానేసుకుని గెడ్డ సముద్రంలో కలిసే చోటికి, గెడ్డ ముఖానికి పోతారు. నగరం మురుగంతా కలిసేదీ, నలుసులన్నీ చేరేదీ అక్కడే. "పెద్ద వలలు మూల పడినాయి. ఈ రెండు నెల్లూ పిల్లల సంగతేటి? విసురు వలలకి కూడా నీ జిగురు పూసియ్యి" అన్నాడు దానయ్య. సబబైన మాటే. రత్నాలు నలభై విసురు వలలకి జిగురు పూయించింది. కొత్త వలకి కొత్త భద్రతా ఫారం కావాలి. ఆమె పెద్ద వలల ఫారం తీసి, తేదీ మార్చి, మళ్ళీ ఒకసారి పైనుంచి కిందికి చూసి, అదే టిక్కులు పెట్టింది. మొదట చెప్పిన ఫారం అదే.

మే నెల రెండో వారంలో వదిన పైడితల్లి ఫోను చేసింది. ఆవిడ అవసరమైతే తప్ప ఫోను పట్టే మనిషి కాదు.

"మీ అన్నకి జొరం ఒచ్చి మూడ్రోజులైనాది. నోరంతా పూసీసింది. గంజి కూడా మింగలేకపోతన్నాడు. నువ్వోపాలి రా."

రత్నాలు వెళ్ళేసరికి దానయ్య అరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. చిగుళ్ళు నల్లబడి, దవడ ఒక పక్కకి వాచిపోయి ఉంది. అయినా చెల్లెల్ని చూసి ఏదో వేళాకోళం ఆడబోయాడు. మాట బయటికి రాలేదు. పైడితల్లి ముఖం తిప్పుకుంది.

"ఈయనొక్కడే కాదు" అంది. "అవతల వీధిలో ఇంకో ఇద్దరు. అందరికీ నోటికాడే."

దానయ్యను నగరంలో ఆసుపత్రిలో చేర్చారు. వారం తిరిగేసరికి గవ్వలపేట మగాళ్ళు తొమ్మిదిమంది అదే వార్డులో ఉన్నారు. ఏదో పాడైన పీత తిని ఉంటారని ఒక డాక్టరు, పొగాకు వల్లనేమోనని ఇంకో డాక్టరు అన్నారు. రత్నాలు రక్తం నమూనాలు అడిగి తెచ్చి ల్యాబులో పెంచి చూసింది. ఉప్పు జ్వరం పురుగే. నలుసుల మీద కూర్చుని వచ్చేదే. పిల్లలకి రాకుండా పెద్దవాళ్ళకి, అదీ మగాళ్ళకి, అదీ నోట్లోనే ఎందుకొచ్చిందో ఆమెకి అంతుబట్టలేదు. తొడుగులు వేసుకుంటున్నారా అని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి అడిగింది. వేసుకుంటున్నారు. ఎండలో ఆరేస్తున్నారా అంటే ఆరేస్తున్నారు. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు. అంత బుద్ధిగా ఆ ఊరు ఎన్నడూ ఎవరి మాటా విన్లేదు.

ఆ గొడవలోనే పెద్దలు వచ్చారు. నిషేధం తీసేసే రోజున తీరం మొత్తానికి ఈ వలలు పంచాలని పైన నిర్ణయమైపోయింది. దానికి ముందు వల విసరడం చూసి, వీడియో తీసుకుని పోవాలని నలుగురు అధికారులు, ఒక కెమెరా అతను గవ్వలపేట గెడ్డ ముఖానికి దిగారు. దానయ్య విసరాలి. దానయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఊళ్ళో చెయ్యి తిరిగిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. మిగిలింది తాతయ్యలు అనే డెబ్భై ఏళ్ళ ముసలాయన. ఆయన వల విసిరితే చాటంత తెరుచుకుంది. కెమెరా అతను పెదవి విరిచాడు.

"ఇంకొంచెం పెద్దగా రావాలండీ" అన్నాడు ఒక అధికారి. "మేడం, మీది ఈ ఊరే కదా. మీకు రాదా?"

రాకేం. ఆడపిల్లకెందుకని అమ్మ గోల పెడుతున్నా వినకుండా అయ్య నేర్పాడు. గోవర్ధన్ గారు కూడా ఉత్సాహంగా తలూపాడు. రత్నాలు చెప్పులు విడిచి, చున్నీ నడుముకి బిగించి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. పదిహేనేళ్ళయింది వల పట్టి. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తాడు మణికట్టుకి చుట్టుకుంది. వల సగం ఎడమ మోచేతి మీద వేసుకుంది. మిగతా సగం కుడిచేత్తో పంచింది. అంచున సీసం గుళ్ళ తాడు ఒకచోట ఎత్తి పళ్ళ మధ్య పెట్టుకుంది. నడుం తిప్పి, పళ్ళు వదిలి, విసిరింది. వల గాలిలో నిండు గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడింది.

ఒడ్డున చప్పట్లు కొట్టారు.

రత్నాలు కదల్లేదు. ఆమె నోట్లో ఉప్పుతో పాటు ఇంకో రుచి ఉంది. కొంచెం తీపిగా, నాచు వాసనతో. ల్యాబులో ఏడాది పాటు కలిపిన జిగురు రుచి ఎలా ఉంటుందో ఆమెకి తెలిసింది అప్పుడే.

అన్నం తినేటప్పుడు నాలుక ఎటు తిరుగుతుందో రాయమంటే ఎవరు రాయగలరు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదీ, చేస్తున్నదీ కంటికి ఆనదు. వాళ్ళ అయ్యకి ముందు పళ్ళు రెండు ఆ గుళ్ళకే అరిగి ఊడిపోయాయి. దానయ్యకి ఒకటి సగం విరిగింది. బయటి ఊరి మనిషి ఎవరైనా ఒక్క పూట ఒడ్డున నిలబడి చూసి ఉంటే, "ఇదేమిటి, నోట్లో పెట్టుకుంటున్నారే" అని అడిగేవాడు. తను ఆ ఊరి పిల్ల. ఆ ఊరి పిల్ల కాబట్టే అడగలేదు.

ఒడ్డుకి వచ్చి తాతయ్యలు పక్కన కూలబడింది. "తాతా, నువ్వు ఈ వల ఎన్నాళ్ళ నుంచి విసురుతున్నావు?"

"అందరితో పాటేనమ్మా. రోజూ ఇసురుతున్నాను."

"నీకేం కాలేదా?"

"నాకేటవుతాది?" ముసలాయన నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. "పళ్ళు పోయి పదేళ్ళైనాది. మోచేత్తోనే ఇసురుతాను. అందుకే గదా సాటంత ఇచ్చుకుంటాది."

ఆ సాయంత్రమే రత్నాలు ల్యాబులో ఎండబెట్టిన వల ముక్క ఒకటి తీసి రెండుగా కోసింది. ఒక సగం సముద్రపు నీళ్ళలో వేసింది. రెండో సగం చిన్న గాజు పళ్ళెంలో పెట్టి, దానిలో తన నోటి ఉమ్మి పోసింది. ఒంటి వేడి ఉండే పెట్టెలో రెండూ పెట్టి తలుపు వేసింది. ఇన్నాళ్ళూ ఆమె పురుగులు చచ్చాయా లేదా అని చూసింది ఉప్పు నీళ్ళలోనే. సముద్రం గురించి చేసే పరీక్ష కదా, సముద్రపు నీళ్ళతోనే చేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఉప్పునీటి ముక్క మునుపటిలాగే నిశ్శబ్దంగా ఉంది. ఉమ్మిలోది పొగమంచులా తెల్లబడిపోయింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఇసకేస్తే రాలనంత మంద.

చావలేదు అవి. ఆమె జిగురులోనే ముడుచుకుని పడుకున్నాయి. వెచ్చగా, తడిగా, ఉప్పు తక్కువగా ఉన్నచోటు దొరికేదాకా పడుకున్నాయి. సముద్రంలో చెల్లాచెదరుగా తిరిగేవాటిని ఆమే పోగుచేసి, తాడు మీద పక్క వేసి పడుకోబెట్టి, అన్న పళ్ళ మధ్య పెట్టింది.

గోవర్ధన్ గారు పళ్ళెం వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరైనా చేసే పొరపాటేనమ్మా" అన్నాడు.

"మీరు చేస్తే పొరపాటు సార్. నేను చేస్తే దాన్నేమనాలో నాకు తెలీటం లేదు."

ఆయన చెడ్డవాడు కాదు. పక్క ఊళ్ళో పోయిన ఆరుగురు పిల్లల పేర్లు ఆయన డైరీలో రాసుకున్నాడని రత్నాలుకి తెలుసు. "విసురు వలలు ఆపేద్దాం. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు" అన్నాడు. "పెద్ద వలలు నిలబెట్టుకుందాం. వచ్చే నెల వానలు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాస్తే మొత్తం పథకం మూసేస్తారు. పిల్లలు మళ్ళీ పోతారు. రిపోర్టులో ఒక్క వాక్యం చాలు. వాడకంలో సూచనలు పాటించకపోవడం వల్ల జరిగిందని. నోట్లో పెట్టుకోమని మనం చెప్పలేదు కదా?"

"పెట్టుకోవద్దనీ చెప్పలేదు కదండీ." "మా అన్న మనం చెప్పిందొక్కటీ తప్పలేదు. తప్పు ఆయన మీద రాయమంటారా? అయినా పెద్ద వలలు మాత్రం ఏం క్షేమం? చిరిగిన చోట అల్లాక దారం దేంతో తెంపుతారనుకున్నారు?"

గోవర్ధన్ గారు కళ్ళజోడు పెట్టుకోకుండానే ఆమె వంక చూశాడు.

"పళ్ళతో" అంది రత్నాలు. "మా వదినైతే రోజంతా పళ్ళతోనే తెంపుతుంది. ఇంతవరకు ఏమీ కాలేదంటే అదృష్టం."

సంతకం సోమవారం లోపల కావాలని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. మర్నాడు శనివారం, రత్నాలు ఆసుపత్రికి వెళ్ళింది. పురుగు ఎలా ఒంట్లోకి చేరిందో డాక్టర్లకి చెప్పింది. మందు మార్చారు. కొత్తగా వచ్చిన వాళ్ళకి ఫలితం ఉంటుందన్నారు. దానయ్య దగ్గరికొచ్చేసరికి తలలు వంచుకున్నారు. ఆయన మొదట పడినవాడు. విషం దవడ దాటి నెత్తుట్లోకి పోయింది.

దానయ్య ముక్కులో గొట్టం, నోటి చుట్టూ కట్టు. మెలకువగానే ఉన్నాడు. రత్నాలు మంచం అంచున కూర్చుని, ఏదీ దాచకుండా, ఫారం దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పింది. నోటి గడి దగ్గర లేదని రాశానని చెప్పింది. ఊళ్ళోకెల్లా వాగుడుకాయ అన్న ఒక్క మాట కూడా అనలేని స్థితిలో ఉండగా చెప్పింది, అది ఆమెకి ఇంకా సిగ్గుగా అనిపించింది. దానయ్య ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కోపమో, అలసటో, నిద్రో ఆమెకి తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు.

బయట వరండాలో పైడితల్లి నేల మీద కూర్చుని ఉంది. గుమ్మంలోంచి అంతా విన్నది.

"పళ్ళతో పడతారని నీకు తెల్దా?" అంది.

"తెలుసు వదినా."

"మరి?"

"గుర్తు రాలేదు."

"మీ అయ్య బోసినోరు సూసుకుంతా పెరిగినావు. మీ అన్న ఇరిగిన పన్ను సూసి ఎక్కిరించినావు. గుర్తు రాలేదా." పైడితల్లి గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "సదువుకుంతే ఇయన్నీ ఎక్కడికి పోతాయి?"

రత్నాలు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోబోతే పైడితల్లి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

దానయ్య ఆదివారం పోయాడు. తొమ్మిదిమందిలో మరో ఇద్దరు ఆ వారంలోనే పోయారు. ఆరుగురు బతికి బయటపడ్డారు, పళ్ళు లేకుండా. ఒడ్డున దానయ్యని సాగనంపి వచ్చాక పైడితల్లి ఒక్క మాటే అంది. "పెద్దదినానికి నువ్వు రావద్దు." రత్నాలు తలూపింది. ఆ విసిరిన రోజు నోట్లో పడింది తనకీ జ్వరం తెస్తుందని పది రోజులు ఎదురుచూసింది. రాలేదు. రాకపోవడం ఆమెకి ఊరట కాలేదు.

అన్న పోయిన మర్నాడే, సోమవారం, ఆమె రిపోర్టు రాసింది. గోవర్ధన్ గారు చెప్పిన వాక్యం రాయలేదు. 'విసురు వల పళ్ళతో పడతారు. నేను ఆ ఇంట్లో పుట్టాను. నాకు తెలుసు. రాయలేదు' అని రాసి, కింద పూర్తి పేరు రాసింది. ఆయన అది చదివి, అలాగే పైకి పంపించాడు. అనుకున్నట్టే అయింది. పంపిణీ ఆగిపోయింది. గవ్వలపేటలోనూ మిగతా మూడు ఊళ్ళలోనూ ఉన్న వలలు లారీల్లో తెప్పించి కేంద్రం వెనక కాల్చేశారు. వలలు ఇచ్చేయడానికి ఊరివాళ్ళు మొదట ఒప్పుకోలేదు. రామమందిరం దగ్గర సభలో ఆడవాళ్ళే అడ్డం తిరిగారు. పళ్ళతో పట్టొద్దని మా మగాళ్ళకి మేం చెప్పుకుంటాం, మా పిల్లల సంగతేంటి అన్నారు. జిగురులో పురుగు ఎలా బతికుందో, ఫారంలో తను ఏం రాయలేదో రత్నాలు నిలబడి చెప్పింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమెను ఉద్యోగం నుంచి తీయలేదు గానీ వల పని నుంచి తప్పించారు. నమూనాల సీసాలకి చీటీలు అంటించే గదిలో కూర్చోబెట్టారు. జూలైలో వానలు పట్టాయి. ఆగస్టు మొదటి వారానికి నాలుగు ఊళ్ళ నుంచీ జ్వరమొచ్చిన పిల్లల రక్తం నమూనాలు వచ్చాయి. గవ్వలపేట సీసాల మీద పిల్లల పేర్లు ఆమె స్వయంగా రాసింది. ఏడో సీసా మీద 'దానయ్య కూతురు మంగ' అని ఉంది.

ఆ మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది. తడిసి ముద్దయి, గుమ్మంలో నిలబడింది. కాపలా మనిషి అడ్డుకుంటే రత్నాలే వెళ్ళి లోపలికి తెచ్చింది. కుర్చీ వేసినా చాలాసేపు కూర్చోలేదు.

"మంగ ఎలా ఉంది వదినా?"

"ఉన్నాది. లేస్తాదంతన్నారు. కిందటేడు పిల్లలెవలికీ రాలేదు, ఈ ఏడు ఒచ్చీసింది." పైడితల్లి చెంగు పిండుకుంది. "ఆ వల మళ్ళీ సెయ్యి."

రత్నాలు ఆవిడ వంక చూసింది.

"నిన్ను చెమించీసినానని కాదు" అంది పైడితల్లి. "అది నా వల్ల కాదు. వల ఆయన సెప్పిందే గదా, ఆయన మాట మురిగిపోకూడదు. సేసీముందు నన్నడుగు. వలని మేం ఏటేటి సేస్తామో నేను సెప్తాను, నువ్వు రాసుకో. ఈపాలి నీకు గుర్తు రాకపోతే నేనున్నాను."

రత్నాలు కొత్త ఫారం తీయలేదు. దాని గళ్ళ మీద ఆమెకి నమ్మకం పోయింది. తెల్ల కాగితం తీసుకుంది. పైడితల్లి అప్పుడు కూర్చుంది. కూర్చుని, ఇంటి పని వరసలో చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. పళ్ళతో పడతారు. పళ్ళతో తెంపుతారు. ఇంటికి తెచ్చీటప్పుడు తలమీద ఏసుకుంటే నీళ్ళు కళ్ళలోకి కారతాయి. వల కన్నుల్లో చిక్కిన చిన్న చేపల్ని ఆడవాళ్ళు గోళ్ళతో గిల్లి తీస్తారు, ఆ గోళ్ళతోనే దురద గోక్కుంటారు. గోడకి ఆరేస్తే మేక వచ్చి నాకుతుంది, ఆ మేక పాలు పిండుతారు. రత్నాలు రాస్తూనే ఉంది. కాగితం నిండి, వెనక్కి తిప్పింది. ఒక్కొక్కటీ తను చూసిందే. ఒక్కటీ తన అంతట తనకి తట్టలేదు.

"చిరిగిపోయాక?" అని అడిగింది. "పారేస్తారు కదా?"

పైడితల్లి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "వల పారేస్తారేటి ఎవలైనా? పనికొచ్చే ముక్క కోసి దాస్తాం. బీరపాదుకి పందిరేస్తాం. కోళ్ళ మీద కప్పుతాం. సంటిపిల్లకి ఉయ్యాల కడతాం. నువ్వూ అందులోనే తొంగున్నావంట, మీ అమ్మ సెప్పీది."

రత్నాలు చేతిలో కలం ఆగిపోయింది.

"వదినా, రత్నాలు వలలు అన్నీ వెనక్కిచ్చేశారు కదా?"

"ఇచ్చీనారు. ఒక్కటి కూడా దాచలేదు."

"ఏడాదిలో చిరిగిన ముక్కలు?"

లారీ వాళ్ళు వలలు అడిగారు, వలలు ఇచ్చారు. ముక్కలు ఎవరూ అడగలేదు. పైడితల్లి పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఊళ్ళో ఈ ఏడు పురుళ్ళొచ్చిన ఇళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

"సూరమ్మ మనవరాలికి అయిదో నెల" అంది. "తవుడు కూతురికి నాలుగు. ఆ కొసనింట్లో కవలలు."

"ఉయ్యాల తాళ్ళు నోట్లో పెట్టుకుంటారా?"

"సంటిపిల్లలు గదేటి. నోటికేది అందితే అది సీకుతారు."

ఇద్దరూ ఒకేసారి లేచారు. కాగితం బల్ల మీదే ఉండిపోయింది. వానలో కొండ దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆటో ఒక్కటీ లేదు. పైడితల్లి ఆగలేదు. చెంగు నడుముకి దోపుకుని గవ్వలపేట వైపు నడక మొదలుపెట్టింది. రత్నాలు ఆవిడ వెనకే నడిచింది. తర్వాత ఇద్దరూ పరిగెత్తారు.